మా రగ్బీ టీమ్ అంగి మార్చిన ఏడాది

నా మేనకోడలు ఈమధ్య జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసరుగా చేరింది. చేరే ముందు రోజు ఫోన్ చేసి, "అత్తా, మొదటి రోజు ఏం చెయ్యాలె?" అని అడిగింది. "క్యాంటీన్ల అందరితోపాటు లైన్ల నిలవడి అన్నం తిను" అన్నాను. చట్టాల గురించి ఏదైనా చెబుతానేమోనని ఆ పిల్ల పెన్ను పట్టుకుని కూర్చుందట.

చట్టాలు పుస్తకంలో ఉంటాయి, అవసరమైనప్పుడు తీసి చూసుకోవచ్చు. ఈ ఉద్యోగం మాత్రం పుస్తకంలో ఉండదు. సాంబారు పలచన కావడం, కంపెనీ బస్సులో కిటికీ పక్క సీటు, చేతులు కడుక్కునే చోట సబ్బు అరిగిపోవడం, ఇవే ఈ ఉద్యోగం. మేడ్చల్‌లో నేను వెల్ఫేర్ ఆఫీసరుగా పనిచేసిన పంపుల ఫ్యాక్టరీలో పెద్ద పెద్ద విషయాల మీద కూడా గొడవలు జరిగాయి, కాదనను. కానీ క్యాంటీన్‌లో బెల్లం చాయ్ మాన్పించి చక్కెర చాయ్ పెట్టిన రోజు జరిగినంత గొడవ ఇంకెప్పుడూ చూడలేదు. పైవాళ్లు ఇలాంటివాటిని చిన్న విషయాలంటారు. రోజూ అది తాగేవాడికి అది చిన్నదెలా అవుతుంది?

నా ప్రమోషన్ల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. వాటిలో ఒకటి వచ్చినప్పుడు నా కుర్చీకి చేతులు వచ్చాయి, అంతే తేడా. అందుకని ఒకే ఒక్క గొడవ గురించి వివరంగా రాస్తాను. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంతా దాదాపు అందులోనే ఉంది.

మేజర్ సాబ్ తెచ్చిన ఆట

2009లో మా వర్క్స్ మేనేజర్‌గా ఒక రిటైర్డ్ మిలిటరీ ఆఫీసరు ఉండేవారు. అందరూ మేజర్ సాబ్ అనేవాళ్లు. ఆయనకు రగ్బీ అంటే ప్రాణం. మా లోడింగ్ సెక్షన్ వాళ్ల భుజాలు, కబడ్డీ ఆడేవాళ్ల కాళ్లు చూసి, "మేడం, మనకు టీమ్ రెడీగా ఉంది, బంతి ఒక్కటే తక్కువ" అన్నారు. మరుసటి వారమే కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతి ఒకటి తెచ్చారు. ఆ రోజు నుంచి మేడ్చల్‌లో దాని పేరు గుడ్డాట.

ఫ్యాక్టరీ వెనక ఎవరో ప్లాట్లు చేసి అమ్ముదామని రాళ్లు పాతి వదిలేసిన జాగా ఉండేది. తెల్ల సున్నం వేసిన ఆ ప్లాట్ల రాళ్లే మా గ్రౌండుకు హద్దులు. ఆట సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. జట్టుకు ఏడుగురు చొప్పున ఆడతారు. బంతి పట్టుకుని ఎదుటివాళ్ల గీత దాకా పరుగెత్తి, గీత దాటి నేలకు ఆనించాలి. అయితే బంతిని తనవాళ్లకు విసరాలంటే మాత్రం వెనక్కే విసరాలి. మొదటి మ్యాచ్ చూడ్డానికి వచ్చిన ఎల్లవ్వకు ఇది ఎంతకీ అర్థం కాలేదు. ఎల్లవ్వ మా క్యాంటీన్‌లో వంట చేసే పెద్దావిడ.

"ఏంది బిడ్డా గిది? ఉరుకుడేమో ముందటికి, ఇసురుడేమో ఎనకకు. గిట్లయితే ఎప్పుడు ఒడుస్తది?" అని నన్ను అడిగింది.

అర్థం కాకపోయినా రెండో మ్యాచ్‌కి అందరికంటే ముందు వచ్చి కూర్చుంది.

టీముకు బట్టలు కావాలి. ఆ పని నా నెత్తిన పడింది. ఏ రంగు కొనాలని మేజర్ సాబ్‌ను అడిగితే, ఆయన నన్ను చిత్రంగా చూసి, "నన్నెందుకు అడుగుతున్నారు? పహ్లే పూఛో, ఫిర్ కరో" అన్నారు. వేసుకునేవాళ్లను ముందు అడగండి, తర్వాతే చెయ్యండి అని. నా ముప్ఫై ఏళ్ల నౌకరీలో బాసుల దగ్గర విన్న మాటల్లో పనికొచ్చింది ఇదొక్కటే. మిగతావన్నీ మీటింగుల్లో విన్నవే.

మెషిన్ల దగ్గరికి వెళ్లి పనివాళ్లనే అడిగాను. క్రేన్ ఆపరేటర్ జహంగీర్ భాయ్ క్రేన్ మీదినుంచే అరిచి చెప్పాడు. "మేడం, మన పంపులకు ఏ రంగు ఏస్తమో గదే!" పెయింట్ సెక్షన్లో పంపులకు మొదట వేసే ముదురు ఎరుపు అది. దానిమీద ఛాతీకి అడ్డంగా క్రేన్ కొక్కేనికి ఉండే పసుపు రంగు పట్టీ. దాంతోపాటు గట్టి కాలర్. మేడ్చల్ బస్టాండు దగ్గరి టైలరు చేత మందపాటి గుడ్డతో కుట్టించాం. అందం సంగతి నేను చెప్పలేను కానీ, ఆ అంగిని ఇద్దరు పట్టుకుని లాగినా చిరిగేది కాదు.

మూడేళ్లలో ఆ అంగి ఎక్కడెక్కడికి పోయిందో! మ్యాచ్‌లు చూసేవాళ్లంతా అదే టైలరు దగ్గర తలా ఒకటి కుట్టించుకున్నారు. తూంకుంటలో ఒక పెళ్లి బరాత్‌లో పెళ్లికొడుకు స్నేహితులంతా అవే వేసుకుని చిందులేశారు. ఎల్లవ్వ చీర మీద వేసుకునేది. జహంగీర్ భాయ్ అయితే షామీర్‌పేటలో తన ఇంటి ముందు గోడకు ముదురు ఎరుపు వేయించి, నడుమ పసుపు పట్టీ కొట్టించాడు. మా టీమ్ గెలిచిన మ్యాచ్‌లు తక్కువే. దాని గురించి ఎవరికీ బాధ ఉన్నట్టు కనిపించేది కాదు. జహంగీర్ భాయ్ మర్ఫా డప్పు వాయిస్తుంటే ఓడిపోయిన రోజు కూడా పండగలాగే ఉండేది.

మల్లేశ్‌కు ఒంట్లో బాగాలేదనుకున్నారు

మేజర్ సాబ్ వెళ్లిపోయాక కంపెనీ పేరు రాసే అక్షరాలు మారాయి, లోగో మారింది, వాటితోపాటు శ్రీకర్ గారు వచ్చారు. వైస్ ప్రెసిడెంట్. చిన్న వయసు, మంచి మనిషి. పని కూడా బాగా చేసేవారు, ఆ మాట దాచడం న్యాయం కాదు. ఆయన లోపమల్లా ఒకటే. కొత్త డిజైను గురించి నగరంలో ఉన్న నిపుణులందరినీ అడిగారు. దాన్ని ఒంటిమీద వేసుకునేవాళ్లను మాత్రం అడగలేదు.

రగ్బీ టీమ్ అంగి కూడా మార్చారని నాకు ముందురోజు సాయంత్రం తెలిసింది. "సర్‌ప్రైజ్ ఇద్దాం మేడం" అన్నారాయన. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకు సర్‌ప్రైజులు నచ్చవని చెప్పబోయాను. ఆయన అప్పటికే ఫోన్లో ఉన్నారు.

మరునాడు మధ్యాహ్నం క్యాంటీన్‌లో అందరినీ కూర్చోబెట్టి, తెర వెనకనుంచి టీమ్ కెప్టెన్ మల్లేశ్‌ను బయటికి నడిపించారు. మల్లేశ్ పోతపోసిన ఇనుప భాగాలు అరగదీసే సెక్షన్లో పనిచేసేవాడు, తలుపంత మనిషి. ఒంటిమీద పలచటి బూడిద రంగు అంగి. కాలర్ లేదు, పట్టీ లేదు. ఛాతీ మీద గుండ్రంగా తిరిగిన నీలం గీతలు. వీపు మీద 'ఆగకు, ప్రవహించు' అని రాసి ఉంది. గుడ్డ ఒంటికి అతుక్కుపోయి పాపం పొట్టంతా తెలుస్తోంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎల్లవ్వ గరిటె పట్టుకుని లేచి నిలబడింది.

"అయ్యో మల్లేశా! పానం బాగలేదా బిడ్డా? ఏ దవాఖానల ఏసిండ్రు?"

"దవాఖాన అంగి కాదవ్వా," అన్నాడు మల్లేశ్ నేలచూపులు చూస్తూ. "మన కొత్త జెర్సీ."

జహంగీర్ భాయ్ చెయ్యెత్తాడు. "సార్, ఒక్క సవాల్. నడుమల దోమల చక్రం ఎందుకేసిండ్రు?"

"అది దోమల చక్రం కాదు," అన్నారు శ్రీకర్ గారు ఓపికగా. "నీటి సుడి. మన కొత్త లోగో. శక్తికి గుర్తు."

"మనం పంపులు జేస్తున్నం కద సార్. దోమల మందు ఎప్పటిసంది జేస్తున్నం?"

"వీపు మీద రాసింది చూసిండ్రా?" అన్నారు వెనకనుంచి ఎవరో. "ముక్కు కారెటోనికి రాసినట్టున్నది."

ఆ నవ్వులకు పైరేకులు అదిరాయి. శ్రీకర్ గారు కూడా నవ్వేసి ఉంటే అక్కడితో అయిపోయేదేమో. ఆయన నవ్వలేదు. అందరికీ తలా ఒక కొత్త జెర్సీ ఉచితంగా ఇస్తున్నామని చెప్పి, ఇకమీదట గ్రౌండులో పాత అంగి కనబడకూడదన్నారు.

ఆ వారం నా గది ముందు లైను కట్టారు. పాత అంగి వేసుకుంటే మెమో ఇస్తారా అని ఒకరు. కాలరయినా తిరిగి ఇప్పించమని ఒకరు. జహంగీర్ భాయ్ వచ్చి అడిగింది ఒక్కటే. "మేడం, నా గోడ గూడ మార్చాల్నా?"

నేను వాళ్లకు నచ్చజెప్పడానికి చూశాను. కొత్త గుడ్డ చెమటను పీల్చుకుంటుందన్నాను, తేలిగ్గా ఉంటుందన్నాను, పెద్ద పెద్ద టీములన్నీ ఇలాంటివే వేసుకుంటాయన్నాను. వాళ్లు మర్యాదగా విన్నారు. అయిపోయాక జహంగీర్ భాయ్, "మీరు జెప్పింది మంచిగనే ఉన్నది మేడం. మీకెవరు జెప్పిండ్రు?" అన్నాడు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు చెబుతున్నాను. బాధ చెప్పుకోవడానికి వచ్చినవాడికి గుడ్డ గుణాలు వివరించకండి. వాడు గుడ్డ గురించి రాలేదు.

అద్దంలో చూసిన మ్యాచ్

కొత్త జెర్సీతో మొదటి మ్యాచ్ ఒక ఇంజనీరింగ్ కాలేజీ టీమ్‌తో జరిగింది. ఎప్పటికంటే ఎక్కువమంది వచ్చారు. శ్రీకర్ గారు సంతోషించారు. విజిల్ ఊదగానే చూడ్డానికి వచ్చిన మావాళ్లంతా ఒక్కసారి లేచి, అటు తిరిగి, గ్రౌండుకు వీపులు పెట్టి కూర్చున్నారు. మర్ఫా లేదు, అరుపు లేదు. సగం ఆట అయ్యాక కాలేజీ కుర్రాడొకడు నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "మేడం, ఎవరైనా పోయారా?" అని అడిగాడు.

శ్రీకర్ గారి ముఖం చూడలేక నేను జనం వైపు నడిచాను. అప్పుడు తెలిసింది అసలు సంగతి. వాళ్ల ఎదురుగా బండ్లన్నీ వరసగా నిలబెట్టుకున్నారు. ఒక్కొక్క మోటార్ సైకిల్ అద్దంలో ఇద్దరు ముగ్గురు తలలు దగ్గర పెట్టి మ్యాచ్ చూస్తున్నారు. ఎల్లవ్వకు అద్దం అందక, "నాకూ సూపియ్యిండ్రి, మల్లేశుగాడు వడ్డడా?" అని పక్కవాళ్లను పొడుస్తోంది.

"భాయ్, ఇదేం పని?" అన్నాను జహంగీర్‌తో.

"బైకాట్ మేడం," అన్నాడు అద్దంలోంచి కళ్లు తిప్పకుండా. "జర జరుగుండ్రి, గీత కానొస్తలేదు."

మ్యాచ్ ఘోరంగా ఓడిపోయాం. మల్లేశ్ దుమ్ము దులుపుకుంటూ వచ్చి నా పక్కన కూలబడ్డాడు. "ఎనకకు ఇసురుదామంటె ఎవడున్నడో కానొస్తలేడు మేడం. గ్రౌండంత దుమ్ము. దుమ్ముల దుమ్ము లెక్క కలిసిపోతున్నం. జనంలకెల్లి ఒక్క అరుపు లేదు. మైదానంల ఉన్నమో, చెరువు గట్టున ఉన్నమో సమజ్ అయితలేదు."

బర్రె మీద విచారణ

చలికాలం మొదలయింది. ఒకరోజు పొద్దున శ్రీకర్ గారి కారు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోయింది. దారికి అడ్డంగా ఒక బర్రె నిలబడి ఉంది. దాని వెనక సగానికి మా కొత్త జెర్సీ తొడిగి ఉంది. దోమల చక్రం సరిగ్గా తోక మొదట్లో ఉంది. 'ఆగకు, ప్రవహించు' అన్న మాటలు ఎక్కడికి వచ్చాయో చెప్పను. బర్రె అప్పుడు అదే పని చేస్తోందని మాత్రం చెప్పగలను.

పదకొండింటికల్లా నన్ను విచారణాధికారిగా వేశారు. కంపెనీ లోగోను అవమానించినందుకు. విచారణలు నేను చాలా చేశాను. మామూలుగా ఎవడూ తప్పు ఒప్పుకోడు, అదే వాటిలో ఉండే కష్టం. ఈ విచారణలో తిరకాసు వేరు. బర్రెకు జెర్సీ తొడిగింది నేనే అంటే నేనే అని మనుషులు ముందుకు వచ్చేశారు. అప్పటికే బస్తీలో ఆ పని చేసినవాడు హీరో అయిపోయాడు మరి.

"నేనే తొడిగిన," అన్నాడు జహంగీర్ భాయ్ ఛాతీ విరిచి.

"ఎప్పుడు?"

"రాత్రి."

"రాత్రి సెకండ్ షిఫ్ట్‌లో క్రేన్ మీద ఉన్నావు కదా భాయ్."

కాసేపు ఆలోచించాడు. "క్రేన్ తోటే తొడిగిన."

శ్రీకర్ గారు నా పక్కనే కూర్చుని ఉన్నారు. నేను ఆయనవైపు చూడలేదు. చూస్తే నవ్వొస్తుందని భయం. అంతలో తలుపు తోసుకుని ఎల్లవ్వ వచ్చింది. మనిషి కోపంతో ఊగిపోతోంది.

"ఏందిరా, నా బర్రెకు మీరు తొడిగిండ్రా? అది నన్ను దప్ప ఎవ్వన్ని దగ్గరికి రానిస్తదిరా? ఒక్కడు రండ్రి, ముట్టి సూపియ్యిండ్రి!"

"అవ్వా, అంటే నువ్వే తొడిగినవా?" అన్నాను.

"నేనే. సలి వెడ్తలేదా బిడ్డా? కంపెనోళ్లు అంగి ఇచ్చిండ్రు. చీర మీద నాకు వట్టలే. మా ఆయన నాకొద్దన్నడు. మా తమ్ముడు నాకొద్దన్నడు. బర్రె ఒక్కటే వద్దనలే."

"వెనక నుంచి ఎందుకు తొడిగారు?" అన్నారు శ్రీకర్ గారు. ఆయన నోరు విప్పింది అదే మొదలు.

"తలకాయ వట్టలే సారూ. కొమ్ములున్నయి గద." ఎల్లవ్వ గొంతు కాస్త మెత్తబడింది. "ఒక్క మాట జెప్త సారూ. గా గుడ్డల గాలి జొరదు. మస్తు ఎచ్చగుంటది. గా సంగతి మీరు బర్రెలోళ్లకు జెప్తే మంచిగ అమ్ముడువోతయి."

ఉచితంగా ఇచ్చిన జెర్సీ తీసుకున్నవాళ్ల సొంతమనీ, చలికి పశువుకు కప్పడం క్రమశిక్షణ కిందికి రాదనీ రిపోర్టు రాశాను. శ్రీకర్ గారు ఎల్లవ్వను ఏమీ అనలేదు. రోజూ ఆయన తినే జొన్నరొట్టె, టమాట తొక్కు ఆవిడ చేతివే. కానీ అవమానం ఎవరిమీదో ఒకరిమీద తీర్చుకోవాలి కదా.

"జహంగీర్‌ని సస్పెండ్ చేద్దాం మేడం," అన్నారు అందరూ వెళ్లాక. "ఇదంతా నడిపిస్తున్నది అతనే. విచారణలో అబద్ధం కూడా చెప్పాడు."

"చెయ్యని తప్పు ఒప్పుకున్నందుకు సస్పెండ్ చేస్తే నలుగురూ నవ్వుతారు సార్."

ఆయన కిటికీ వైపు తిరిగారు. అప్పుడు మొదటిసారి ఆ మనిషి అలసిపోయి కనిపించాడు. "ఆదివారం కంటోన్మెంట్ టీమ్‌తో మ్యాచ్ ఉంది. హెడ్డాఫీసు నుంచి ఫొటోలకు మనిషిని పంపిస్తున్నారు. కొత్త డిజైన్‌ను మనవాళ్లు ఎలా ఆదరిస్తున్నారో చూపించాలట. వీపులు చూపించమంటారా? ఆదివారం అలా జరిగితే సోమవారం ఆర్డరు ఇచ్చేస్తాను. మీరు అడ్డం రాకండి."

ఎర్రగోడ ఇంట్లో

ఆ సాయంత్రం కంపెనీ బస్సులోనే షామీర్‌పేట వెళ్లాను. జహంగీర్ భాయ్ ఇల్లు ఎవరినీ అడగనక్కర్లేకుండా దొరికింది, ఆ గోడ వల్ల. ఆయన భార్య షమీమ్ చాయ్ ఇచ్చింది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆదివారం వీపు తిప్పితే ఉద్యోగానికే ముప్పు అని.

జహంగీర్ చాయ్ కప్పు కింద పెట్టాడు.

"మేడం, నా నౌకరి క్రేన్ మీద," అన్నాడు. "పైకెల్లి నాకందరు కానొస్తరు. కిందికెల్లి నేనెవ్వనికి కానరాను. కొక్కెం కానొస్తది, అంతే. నా పేరు గూడ పిలువరు, 'ఏయ్ క్రేన్' అంటరు. గా అంగి ఏస్కున్న దినం బస్సు దిగంగనే హోటల్ కాడ చాయ్ తాగెటోళ్లు, 'భాయ్, గెలిచిండ్రా?' అని అడుగుతరు. గెలిచిండ్రా అని, మేడం. నన్ను. రంగు నేను జెప్పిన. మేజర్ సాబ్ అడిగిండు, నేను జెప్పిన. ఇగ గిప్పుడు తీసిపారేసెటప్పుడు ఒక్క మాట, ఒక్క మాట అడుగుతే ఏమైతుండె?"

ఈ ఉద్యోగంలో జవాబు లేనప్పుడు చాయ్ తాగడం మంచిది. తాగాను.

షమీమ్ మధ్యలో కల్పించుకుంది. "మేడం వచ్చి అడుగుతాంది. నౌకరి పోతే గీ గోడను జూసుకుంట కూసుంటవా?"

"సరే మేడం. మీ కోసం మొహం ఇటే వెడ్తం," అన్నాడు జహంగీర్. "కండ్లు మూస్కుంటం."

"కళ్లు తెరవాలి భాయ్."

"తెరుస్తం. నోరు మాత్రం తెరవం."

షమీమ్ ఫక్కున నవ్వింది. "నోరు మూస్కొని కూసునుడు ఈయనకు నిఖా నాడే చేతకాలె. మీరు ఫికర్ జెయ్యకుండ్రి మేడం."

ఆదివారం

మాట ప్రకారం మావాళ్లు గ్రౌండు వైపే తిరిగి కూర్చున్నారు. చొక్కా గుండీలన్నీ మెడదాకా పెట్టుకుని, పెళ్లిలో అవతలి పక్షం చుట్టాల్లా బిగుసుకుని ఉన్నారు. ఆ ఎండలో అన్ని గుండీలు ఎందుకు పెట్టుకున్నారో నాకు అర్థం కాలేదు. ఎల్లవ్వ భుజాల చుట్టూ దుప్పటి కప్పుకుని ఉంది. శ్రీకర్ గారు టెంటు కింద కూర్చుని మాటిమాటికీ ఫోన్ చూసుకుంటున్నారు. ఫొటోల మనిషి కొంపల్లి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడట.

కంటోన్మెంట్ టీమ్ బస్సు దిగింది. దిగుతున్నవాళ్లను చూసి మల్లేశ్ నా వైపు చూశాడు, నేను శ్రీకర్ గారి వైపు చూశాను. వాళ్ల జెర్సీ కూడా బూడిద రంగే. నడుమ నీలం కూడా ఉంది.

రిఫరీ రెండు టీములనూ పక్కపక్కన నిలబెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. "కుదరదు. ఎవరు ఎవరో తెలియడం లేదు. ఒక టీమ్ మార్చుకోవాలి."

వచ్చినవాళ్ల దగ్గర ఇంకో జత లేదు. అతిథులు కాబట్టి మార్చుకోవాల్సింది మేమే. మాకు స్టోర్‌లో ఉన్నవన్నీ కొత్తవే. పాతవాటిని శ్రీకర్ గారే కట్ట కట్టించి గోడౌన్‌కు పంపించారు. ఆదివారం గోడౌన్‌కు తాళం. రిఫరీ గడియారం చూసుకుంటున్నాడు.

అప్పుడు మల్లేశ్ ఎవరినీ అడక్కుండా నేరుగా జనం ముందుకు వెళ్లాడు. "భాయ్," అన్నాడు జహంగీర్‌తో. "లోపల ఏమేస్కున్నవ్?"

జహంగీర్ టెంటు వైపు చూశాడు. శ్రీకర్ గారు ఇటే చూస్తున్నారు. ఉద్యోగం పోయేదేదో ఇప్పుడే పోనీ అన్నట్టు జహంగీర్ పై గుండీ తీశాడు. తర్వాత రెండోది. లోపల ముదురు ఎరుపు, పసుపు పట్టీ. ఆ వెంటనే వరసంతా గుండీలు ఊడడం మొదలైంది. ఎల్లవ్వ దుప్పటి కిందనుంచి తన అంగి తీసి మల్లేశ్ చేతిలో పెట్టి, "ఉతికి ఇయ్యాలె మల్ల," అంది.

"మేడం," అన్నారు శ్రీకర్ గారు నా పక్కకు వచ్చి. గొంతు చాలా తక్కువగా ఉంది. "వీళ్లంతా లోపల అవే వేసుకుని వచ్చారా?"

"మొహం ఇటు తిప్పమన్నాం సార్. లోపల ఏం వేసుకోవాలో చెప్పలేదు."

రిఫరీ ఇంకా గడియారం చూస్తూనే ఉన్నాడు. "కానివ్వండి," అన్నారు శ్రీకర్ గారు చివరికి. వైస్ ప్రెసిడెంటుగా ఆయన తీసుకున్న నిర్ణయాల్లో నాకు బాగా నచ్చింది ఆ ఒక్క మాటే. ఆ మాటకు ఆయనకు ఎంత కష్టమైందో పక్కన నిలబడి చూశాను కాబట్టి చెబుతున్నాను.

మా టీమ్ గ్రౌండులోకి దిగింది. ఒకడికి అంగి మోకాళ్ల దాకా, ఇంకొకడికి బొడ్డు పైదాకా. ఎల్లవ్వ అంగి వేసుకున్నవాడి దగ్గర తిరగమోత వాసన వస్తోందని అవతలి టీమ్ వాళ్లే తర్వాత చెప్పారు. ఇక అంగీలు ఇచ్చినవాళ్లు బనియన్లతో నిలబడ్డారు. ఎండ వాలి చలిగాలి మొదలైంది. ఆటగాళ్లు విడిచిన కొత్త జెర్సీలు గీత పక్కన కుప్పగా పడి ఉన్నాయి. ఎవరు మొదట తీసుకున్నారో నేను చూడలేదు. చూసేసరికి జహంగీర్ భాయ్ ఒంటిమీద దోమల చక్రం ఉంది. స్టోర్‌లో మిగిలినవి కూడా తెప్పించి మిగతావాళ్లకు పంచాను. వెచ్చగా ఉంటాయని ఎల్లవ్వ అందరికీ పేరుపేరునా హామీ ఇచ్చింది.

విజిల్ పడింది. మొదటి నిమిషంలోనే మల్లేశ్ బంతి పట్టుకుని ఇద్దరిని ఈడ్చుకుంటూ పరుగెత్తాడు. వాళ్లు అంగి పట్టుకుని లాగుతున్నారు, అది చిరగడం లేదు. నోరు తెరవనని నాకు మాటిచ్చిన జహంగీర్ భాయ్ మర్ఫా మీద విరుచుకుపడ్డాడు. ఆ తర్వాత ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. ఎల్లవ్వ, "ఎనకకు ఇసురు, ఎనకకు ఇసురు!" అని అరుస్తూ గీత దాటి లోపలికి పోతుంటే నేనూ షమీమ్ పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఫొటోల మనిషి వచ్చాడు. పరుగెత్తే ఆటగాళ్లను ఆ దుమ్ములో తీయడం కుదరక జనం వైపు తిరిగాడు. వరసలు వరసలుగా మనుషులు కొత్త జెర్సీ వేసుకుని, చేతులు పైకెత్తి, నోళ్లు తెరిచి, కొందరు కన్నీళ్లు పెట్టుకుని ఎగురుతున్నారు. అతను ఆగకుండా ఫొటోలు తీస్తూనే ఉన్నాడు.

ఆ ఫొటోలు హెడ్డాఫీసులో ఎంత నచ్చాయంటే, శ్రీకర్ గారికి అభినందనలు వచ్చాయి. కొత్త డిజైనును ఇంతగా ఆదరించిన బ్రాంచి ఇంకొకటి లేదన్నారట. సస్పెన్షన్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఎత్తాలంటే, ఆ ఫొటోల్లో అందరికంటే ముందు ఎగురుతున్న మనిషిని సస్పెండ్ చెయ్యాలి. ఆ తర్వాత మ్యాచ్‌లన్నిటికీ అదే పద్ధతి అయింది. టీమ్ పాత అంగిలో ఆడుతుంది, చూసేవాళ్లు చలిగా ఉంటే కొత్తది వేసుకుంటారు. దీని మీద ఎవరూ ఆర్డరు రాయలేదు. రాసి ఉంటే మళ్లీ గొడవయ్యేది.

రెండు పక్షాలూ తామే గెలిచామనుకునే రోజు ఈ ఉద్యోగంలో చాలా అరుదు. అలాంటి రోజు వస్తే మీరు నోరు మెదపకండి. ఆ సాయంత్రం టెంటు విప్పుతుంటే శ్రీకర్ గారు నా దగ్గరికి వచ్చి, "కాస్త అలవాటైతే వాళ్లకే నచ్చుతుందని నేను ముందే చెప్పానా లేదా?" అన్నారు.

"చెప్పారు సార్," అన్నాను.

ఆయన కారు వెళ్లిపోయాక జహంగీర్ భాయ్ మర్ఫా భుజాన వేసుకుని వచ్చాడు. గొంతు పూర్తిగా పోయింది. తన అంగి అడిగి తెచ్చుకుని, మట్టితోనే తొడుక్కున్నాడు. నవ్వుతున్నాడు. ఆ సందట్లో అసలు సంగతి గమనించాడో లేదోనని నాకు అనుమానం వచ్చింది.

"భాయ్, మ్యాచ్ ఓడిపోయినం. తెలుసు కదా?"

"తెలుసు మేడం," అన్నాడు, కాలర్ సర్దుకుంటూ. "మన అంగిల ఓడినం. గది వేరే."